డిక్రీ వచ్చింది, మనోవర్తి రాలేదు

(స్త్రీల హక్కులపై పనిచేసే కార్యకర్తల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



విడాకుల గురించి మనం చాలా మాట్లాడుకున్నాం. కట్నం గురించి, హింస గురించి, పిల్లలు ఎవరి దగ్గర ఉండాలనే దాని గురించి కూడా మాట్లాడుకున్నాం. కానీ విడాకుల డిక్రీ చేతికొచ్చిన మర్నాటి నుంచి ఏం జరుగుతుందనేది మన సమావేశాల్లో పెద్దగా చర్చకు రాదు. కేసు అయిపోయింది కదా అని ఫైలు కట్టేసి బీరువాలో పెడతాం. చాలామంది స్త్రీలకు రెండో కేసు ఆ రోజే మొదలవుతుంది. నెలనెలా ఇస్తానన్నది రెండు నెలలు వచ్చి ఆగిపోతుంది. రెండు విడతల్లో ఇస్తానన్న సొమ్ములో రెండో విడత రానే రాదు. పిల్ల ఫీజు కడతానన్నవాడు జూన్ నెల వచ్చేసరికి ఫోను ఎత్తడు. ఇస్తానని కోర్టులో రాసిచ్చినవాడు ఇవ్వకపోతే అతనికి ఏమవుతుంది? ఆమెకు ఏమవుతుంది? ఈ రెండు ప్రశ్నల గురించి ఈ రోజు మాట్లాడతాను.

నేను న్యాయవాదిని కాను, సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. పరిశోధన పనిమీద కుటుంబ న్యాయస్థానాల వరండాల్లో చాలా రోజులు గడిపాను. కాబట్టి సెక్షన్ల గురించి చెప్పేటప్పుడు కూడా, అవి పుస్తకంలో ఎలా ఉన్నాయన్న దానితోపాటు వరండాలో కూర్చున్న స్త్రీ దాకా వచ్చేసరికి ఏమవుతున్నాయో చూడడమే నా ఉద్దేశం.

ఒప్పందంలో ఎవరి వాటా ఏమిటి?

హిందూ వివాహ చట్టంలో పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకునే 13-బి సెక్షన్ 1976 సవరణతో వచ్చింది. మొదటి పిటిషన్ వేశాక రెండోసారి కోర్టు ముందు అంగీకారం చెప్పడానికి కనీసం ఆరు నెలలు ఆగాలని అది చెబుతుంది. తగిన కారణాలుంటే ఆ ఆరు నెలలను కోర్టు మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. బేరమంతా ఈ కాలంలోనే నడుస్తుంది. ప్లీడరు గదిలో, మధ్యవర్తిత్వ కేంద్రంలో, లోక్ అదాలత్‌లో, అంతకంటే ముందు ఊళ్లో పెద్దమనుషుల దగ్గర నడుస్తుంది.

ఆ బేరంలో ఆమె ఏమిస్తుందో చూడండి. విడాకులకు అంగీకారం ఇస్తుంది. వేధింపుల కేసు ఉపసంహరించుకుంటానని ఒప్పుకుంటుంది. గృహహింస చట్టం కింద వేసిన పిటిషన్ వదులుకుంటుంది. కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు వదులుకుంటుంది. తన నగలు, సామాను వచ్చినంత తీసుకుని మిగతావి మరిచిపోతుంది. ఇవన్నీ చేతిలోంచి వెంటనే వెళ్లిపోయేవి. అతను ఇచ్చేది ఏమిటి? చాలాసార్లు ఒక మాట. ఫలానా తేదీకి ఇంత ఇస్తాను, నెలకు ఇంత పంపుతాను అనే మాట. ఆమె రొక్కం ఇస్తుంది, అతను అప్పు పెడతాడు. ఇదీ మన రాజీ పత్రాల అసలు స్వరూపం.

మాట తప్పినప్పుడు జరిగేది కూడా ఇద్దరికీ ఒకటి కాదు. 2004లో సుప్రీంకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. రాజీ ప్రకారం విడాకులు తీసుకున్న భార్య, ఒప్పుకున్నట్టుగా క్రిమినల్ కేసును ఉపసంహరించుకోలేదు. కోర్టు ఆ కేసు కొనసాగడం న్యాయప్రక్రియను దుర్వినియోగం చేయడమేనని చెప్పి తానే కొట్టేసింది. ఆ తీర్పులోని తప్పొప్పుల జోలికి నేను పోను. ఒక్క సంగతి గమనించండి. ఆమె మాట తప్పితే అతనికి ఒక్క ఉత్తర్వుతో ఊరట దొరికింది. అతను మాట తప్పితే ఆమె కింది కోర్టులో మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. పిటిషను, నోటీసు, వాయిదా, వారంటు, మళ్లీ వాయిదా.

మన రాష్ట్రానికి సంబంధించిన విషయం కూడా ఒకటి చెప్పాలి. 498-ఎ కేసు రాజీకి వీల్లేనిదని దేశమంతటికీ వర్తించే చట్టం చెబుతుంటే, కోర్టు అనుమతితో రాజీ చేసుకోవచ్చని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లో సవరణ తెచ్చింది. రాజీ కోరిన తర్వాత కనీసం మూడు నెలలు ఆగాలని అందులో షరతు పెట్టింది. ఒత్తిడితో ఒప్పుకున్న స్త్రీ మళ్లీ ఆలోచించుకోవడానికి ఆ మూడు నెలలు ఉద్దేశించినవి. కానీ ఆ వ్యవధిలో ఒప్పుకున్న సొమ్ము చేతికి అందిందా లేదా అని కచ్చితంగా చూడాలని మాత్రం అందులో లేదు. ఆ చూపు మనం పెట్టవలసిందే.

ఎగ్గొట్టినవాడి మీద ఉన్న దారులు

డబ్బు రాబట్టడానికి చట్టంలో దారులు లేవని కాదు. చాలానే ఉన్నాయి. ఏ చట్టం కింద ఉత్తర్వు వచ్చిందో దాన్ని బట్టి దారి మారుతుంది. కార్యకర్తలకు ఈ తేడా తెలియకపోతే ఏడాది కాలం ఊరికే పోతుంది.

మొదటిది, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద వచ్చిన మనోవర్తి ఉత్తర్వు. 2024 జులై 1 నుంచి దీని స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ వచ్చింది. అంకె మారింది గాని పద్ధతి దాదాపు అదే. కారణం లేకుండా ఇవ్వకపోతే మేజిస్ట్రేటు గాని కుటుంబ న్యాయస్థానం గాని జరిమానా వసూలు చేసినట్టే బకాయి వసూలుకు వారంటు ఇవ్వవచ్చు. వారంటు అమలు చేశాక కూడా మిగిలిపోయిన బకాయికి ఒక నెల దాకా, లేదా చెల్లించేదాకా జైలుకు పంపవచ్చు. అయితే సొమ్ము బాకీ పడిన ఏడాదిలోపు దరఖాస్తు పెట్టాలి. ఈ ఏడాది గడువు దగ్గరే చాలామంది దెబ్బతింటారు. "ఇస్తాడులే, పిల్లల మొహం చూసైనా ఇస్తాడు" అని ఎదురుచూసి పద్నాలుగో నెలలో మన దగ్గరికి వస్తారు. వాళ్లకు చెప్పవలసిన మాట ఒకటుంది. ఏడాది దాటినంత మాత్రాన ఆ బాకీ రద్దయిపోదని, వసూలు చేసే ఆ ఒక్క పద్ధతికి మాత్రమే గడువు వర్తిస్తుందని 2013లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అలాగే గడువులోపు వేసిన పిటిషన్ నడుస్తుండగా పెరిగిన బకాయిల కోసం మళ్లీ మళ్లీ కొత్త పిటిషన్లు వేయనక్కర్లేదని 2005లోనే చెప్పింది. ఉత్తర్వు కాపీని ఆమెకు ఉచితంగా ఇవ్వాలని కూడా చట్టంలో ఉంది. అతను ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి కోర్టులో ఆ ఉత్తర్వును అమలు చేయించుకోవచ్చు.

పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకున్నాక ఇక మనోవర్తి అడిగే హక్కు లేదని కొందరు ప్లీడర్లు ఇప్పటికీ చెబుతుంటారు. అది తప్పు. 1973 కోడ్ నుంచీ 'భార్య' అన్న మాటలో విడాకులు పొంది మళ్లీ పెళ్లి చేసుకోని స్త్రీ కూడా ఉంది. అంగీకారంతో విడిపోయిన స్త్రీకి కూడా ఆ హక్కు ఉందని 1995లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

రెండోది సివిల్ దారి. విడాకుల డిక్రీలో రాసిన శాశ్వత భరణం, లోక్ అదాలత్ అవార్డులో రాసిన సొమ్ము, ఇవి సివిల్ డిక్రీలాగే అమలవుతాయి. దీనికి ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేయాలి. మన కోర్టుల్లో అందరూ ఇ.పి. అంటారు. గడువు పన్నెండేళ్లు. జీతం జప్తు చేయించవచ్చు. మామూలు అప్పుకు జీతంలో కొద్ది భాగమే జప్తు అవుతుంది. మనోవర్తి డిక్రీ అయితే మూడో వంతు అతనికి వదిలి మిగతాది జప్తు చేయవచ్చు. ఈ సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి. ప్రభుత్వోద్యోగి అయినా కంపెనీ ఉద్యోగి అయినా కోర్టు ఉత్తర్వు అందాక జీతం ఇచ్చే అధికారి కోత కోసి పంపవలసిందే. ఆస్తి ఉంటే జప్తు చేసి వేలం వేయించవచ్చు.

అతన్ని సివిల్ జైలుకు కూడా పంపవచ్చు. బాకీ ఐదు వేలు దాటితే మూడు నెలల దాకా. కానీ అతనికి ఇచ్చే స్తోమత ఉండి ఇవ్వడం లేదని ఆమే చూపించాలి. పైగా జైల్లో అతని తిండి ఖర్చుకు బత్తా ఆమే ముందుగా కోర్టులో కట్టాలి. కూలికి వెళ్లి పిల్లల్ని సాకుతున్న స్త్రీ, తనకు బాకీపడిన మనిషికి జైల్లో అన్నం పెట్టాలన్నమాట. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఈ నిబంధనను అప్పులిచ్చే షావుకార్లను దృష్టిలో పెట్టుకుని రాసింది. షావుకారుకూ విడాకులు పొందిన స్త్రీకీ తేడా దానికి కనిపించదు.

మూడోది గృహహింస నిరోధక చట్టం. 2005 నాటి ఈ చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమల్లోకి వచ్చింది. ఇందులో 20వ సెక్షన్ కింద వచ్చిన ఆర్థిక ఉత్తర్వును అతను పాటించకపోతే, అతని యజమానికో అతనికి బాకీ ఉన్నవాళ్లకో నేరుగా ఆమెకే చెల్లించమని మేజిస్ట్రేటు చెప్పవచ్చు. అతని దయతో గాని అతని చేతితో గాని పనిలేని పద్ధతి ఇది. మనవాళ్లు అడగవలసినంతగా అడగడం లేదు.

నాలుగోది కోర్టు ధిక్కారం. రాజీలో చెప్పింది కోర్టుకు ఇచ్చిన హామీగా నమోదై ఉండి, దాన్ని కావాలని ఉల్లంఘిస్తే ధిక్కారమవుతుంది. ఆరు నెలల దాకా సాధారణ జైలు, రెండు వేల దాకా జరిమానా. ఏడాదిలోపు కదలాలి, హైకోర్టుకు వెళ్లాలి. జిల్లాల్లో ఉండే స్త్రీకి అది చిన్న విషయం కాదు. కానీ జైలన్నా ఆస్తి జప్తన్నా లెక్కచేయని ఉద్యోగస్తులు హైకోర్టు నోటీసు అనేసరికి కదలడం నేను చూశాను.

ఇక చెక్కులు. రాజీలో ముందు తేదీలు వేసిన చెక్కులు ఇచ్చి ఉంటే, చెక్కు తిరిగొచ్చినట్టు తెలిసిన ముప్పై రోజుల్లో నోటీసు పంపాలి. నోటీసు అందిన పదిహేను రోజుల్లో అతను చెల్లించకపోతే ఆ తర్వాత నెలలోపు ఫిర్యాదు వేయాలి. ఈ తేదీల్లో ఒక్కటి తప్పినా కేసు బలహీనపడుతుంది. మన ఆఫీసుల్లో క్యాలెండరు మీద గుర్తుపెట్టుకోవలసిన తేదీలివి.

2020 నవంబరు 4న రజనీష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ దారులన్నిటినీ ఒకచోట చేర్చింది. ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పుల వివరాలు అఫిడవిట్ రూపంలో ఇవ్వాలంది. మనోవర్తి దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే ఇవ్వాలంది. ఉద్దేశపూర్వకంగా ఎగ్గొడుతుంటే చివరి ఉపాయంగా అతని వాదనను కొట్టివేయవచ్చని కూడా అంది. ఈ తీర్పు మీ దగ్గర ఉండాలి. అఫిడవిట్ దాఖలు కాని కేసుల్లో మీరే అడిగించాలి.

జైలు గురించి

ఇక్కడ మనలో మనకే ఒక సందేహం ఉంది. ఇవ్వలేనివాణ్ణి జైల్లో పెడితే ఏమొస్తుంది? ఉన్న కూలి కూడా పోతుంది కదా? ఈ ప్రశ్న తోసిపుచ్చగలిగింది కాదు. వరండాలో ఒక ఆవిడ నాతో అంది: "వాళ్ల నాన్న జైలుకెళ్లాడంటే రేపు నా కూతురికి సంబంధం చూసేవాళ్లు ఏమంటారండీ?" ఆమె చేతిలో వారంటు ఉత్తర్వు ఉంది. దాన్ని పోలీసు స్టేషన్లో ఇవ్వాలా వద్దా అని ఆలోచిస్తోంది. చట్టం శిక్ష అతనికి వేస్తుంది. ఆ శిక్షలో అవమానం వాటా మాత్రం సమాజం ఆమెకూ పంచిపెడుతుంది.

చట్టం ఈ విషయంలో ఏం చెబుతోందో స్పష్టంగా తెలుసుకోవాలి. జైలు బాకీ వసూలు చేసే పద్ధతే గాని బాకీ తీర్చే పద్ధతి కాదని 1988లో కులదీప్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నెల రోజులు జైల్లో ఉండి వచ్చినవాడు "నా బాకీ తీరిపోయింది" అంటే కుదరదు. ఒకసారికి నెల కంటే ఎక్కువ పెట్టడానికి వీల్లేదని 1999లో అదే కోర్టు చెప్పింది. మళ్లీ ఎగ్గొడితే మళ్లీ రావాలి. ఇవ్వలేనివాడికీ ఇవ్వనివాడికీ తేడా చూడాలన్నది న్యాయమే. కానీ ఆరోగ్యంగా, పనిచేయగలిగిన స్థితిలో ఉన్న మనిషి ఆదాయం లేదని చేతులెత్తేయడానికి వీల్లేదని, శరీర కష్టం చేసైనా భార్యాపిల్లల్ని పోషించాలని 2022లో సుప్రీంకోర్టు మరోసారి చెప్పింది.

నా అభిప్రాయం ఇది. జైలుకు పంపాలా వద్దా అన్న నిర్ణయం ఆ స్త్రీదే. ఆమె తరఫున మనం ఆవేశపడకూడదు, ఆమె తరఫున క్షమించనూ కూడదు. వారంటు వరకూ తీసుకెళ్తే చాలాచోట్ల అప్పటిదాకా లేదన్న డబ్బు అన్నదమ్ముల దగ్గరో అప్పుగానో ఎలాగో పుడుతుంది. కాబట్టి ఆ దారి మూసుకోకుండా ఉంచాలి. వారంటు పోలీసు స్టేషన్లో పడి ఉండి "మనిషి ఇంట్లో లేడు" అన్న రాతతో తిరిగిరాకుండా చూడడం మన సంఘాల పని.

ఆమెకు ఏమవుతుంది?

నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే ఒకామె లెక్క చెప్పింది. "మేడమ్, రానికి పోనికి బస్సు కిరాయిలు, ఆ రోజు కూలి, ప్లీడరుకు ఇచ్చేటియి. ఆయన బాకీ వసూలు చేసుకునుడు కన్నా ఇడిసిపెట్టుడే అగ్గువ అయితది." ఆమె మాటలో నిరాశ కంటే అంకగణితం ఎక్కువ. ఎగ్గొట్టేవాడికి ఈ అంకగణితం బాగా తెలుసు. ఆమె అలసిపోతుందన్న ధీమాతోనే ఎగ్గొడతాడు. ఒక వాయిదాకు రాకపోతే అతనికి పోయేదేమీ లేదు. ఆమెకు ఒక రోజు కూలి పోతుంది. ఇంటద్దె బాకీ పడుతుంది. పిల్లవాణ్ణి స్కూలు మార్పిస్తుంది. చెవి దిద్దులు కుదువకు వెళతాయి. పుట్టింట్లో అన్నావదినల మాట పడుతుంది. రేపు ఇంకో సంబంధం ఒప్పుకోమని ఒత్తిడి మొదలవుతుంది. ఇవేవీ ఇ.పి.లో రాయడానికి గడి లేదు.

గట్టిగా అడిగితే ఇంకొకటి ఎదురవుతుంది. నడవడి గురించిన మాట. హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ మూడో ఉపవిభాగం చదవండి. భరణం పొందే భార్య 'శీలవతిగా' లేకపోతే దాన్ని రద్దు చేయవచ్చు, మార్చవచ్చు అంటుంది. భరణం పొందేది భర్త అయితే, వేరే స్త్రీతో లైంగిక సంబంధం పెట్టుకున్నాడా అని అడుగుతుంది. అతని విషయంలో జరిగిన ఒక పని గురించి అడిగిన చట్టం, ఆమె విషయంలో శీలం అనే మాట వాడుతుంది. విడాకులిచ్చి సంబంధం తెంచుకున్న మగవాడికి ఆమె శీలం మీద కాపలా హక్కు ఇంకా ఎందుకుండాలి? బకాయి అడిగిన ప్రతిసారీ ఎదురు పిటిషన్‌గా వచ్చేది ఇదే. పక్కింటివాళ్ల సాక్ష్యం, ఎవరితోనో నిలబడి తీసిన ఫోటో. బకాయి చర్చ నుంచి ఆమె నడవడి చర్చకు కోర్టు గది మారిపోతుంది.

దీనికి మూలం మనోవర్తిని మనం అర్థం చేసుకునే తీరులో ఉంది. భరణం అంటే పోషణ. పోషించేవాడొకడు, పోషింపబడేది ఒకతి అన్న భావన ఆ మాటలోనే ఉంది. అందుకే దాన్ని దయగా ఇస్తారు, బుద్ధిగా ఉంటే ఇస్తారు, కోపమొస్తే ఆపేస్తారు. పదేళ్లు, ఇరవయ్యేళ్లు ఆమె వండి, పిల్లల్ని పెంచి, అత్తమామలకు సేవ చేసి, అతను నిశ్చింతగా ఉద్యోగం చేసుకునేలా చూసిన శ్రమకు ఆ ఇంట్లో ఏ వాటా లేదు. పెళ్లయ్యాక కూడబెట్టిన ఆస్తిలో విడాకుల సమయంలో భార్యకు వాటా ఇచ్చే నియమం మన చట్టంలో లేదు. ఆ వాటా ఉంటే ఆమె అడిగేది తన సొత్తు. అది లేదు కాబట్టి ఆమె నెలనెలా చెయ్యి చాపవలసి వస్తోంది.

మతం పేరుతో వచ్చిన చిక్కు

1978లో ఇందోర్‌లో షాబానో వేసిన పిటిషన్‌పై మేజిస్ట్రేటు నెలకు 25 రూపాయలు ఇప్పించారు. 1980లో హైకోర్టు దాన్ని 179 రూపాయల 20 పైసలు చేసింది. ఆ కొద్ది డబ్బు కూడా ఇవ్వనని అడ్వకేటు అయిన భర్త సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 1985 ఏప్రిల్ 23న తీర్పు ఆమెకు అనుకూలంగా వచ్చింది. 1986లో చేసిన చట్టం ఆ తీర్పును తిప్పికొట్టడానికే ఉద్దేశించింది. 2001లో డానియల్ లతీఫీ కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టానికి స్త్రీకి అనుకూలమైన అర్థం చెప్పింది. ఇద్దత్ కాలంలోపు, ఆమె భవిష్యత్తు మొత్తానికీ సరిపడేలా ఏర్పాటు చేయాలంది. ఆ చట్టంలో ఉత్తర్వు పాటించనివాడికి ఏడాది దాకా జైలు కూడా ఉంది.

2024 జులై 10న వచ్చిన తీర్పు మన తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనిది. విడాకులు పొందిన ముస్లిం స్త్రీకి 125వ సెక్షన్ దారి కూడా తెరిచే ఉందని, 1986 చట్టం దాన్ని మూయలేదని న్యాయమూర్తులు బి.వి. నాగరత్న, అగస్టీన్ జార్జ్ మసీహ్ చెప్పారు. కుటుంబ న్యాయస్థానం నెలకు 20,000 ఇమ్మంటే హైకోర్టు 10,000కు తగ్గించిన కేసు అది. పాతబస్తీలో పనిచేసే మిత్రులు ఈ తీర్పు సారాంశాన్ని ఉర్దూలో కరపత్రంగా వేసి పంచితే బాగుంటుంది.

రాసేటప్పుడే చూడవలసినవి

ఎగ్గొట్టాక పరుగెత్తడం కంటే ఒప్పందం రాసేటప్పుడే కాళ్లూచేతులూ కట్టడం మేలు. కౌన్సిలింగ్‌లో కూర్చునే కార్యకర్తలు ఈ మాటలు రాసుకోండి.

ఒకటి, రెండోసారి కోర్టు ముందు అంగీకారం చెప్పే రోజుకు సొమ్ము మొత్తం డిమాండ్ డ్రాఫ్టుగా గాని కోర్టు డిపాజిట్‌గా గాని రావాలి. ఆ రోజు దాకా ఆమె అంగీకారం ఆమె చేతిలోనే ఉంటుంది. ఆ అంగీకారం చివరిదాకా నిలిచి ఉండాలని 1991లోనే సుప్రీంకోర్టు చెప్పింది. క్రిమినల్ కేసు రద్దుకు ఆమె సంతకం కూడా సొమ్ము అందాకే.

రెండు, విడతలు తప్పకపోతే తేదీలు, అంకెలు, బ్యాంకు ఖాతా స్పష్టంగా రాయాలి. ఒక్క విడత తప్పితే మిగతా మొత్తం వెంటనే బాకీ పడుతుందని, వడ్డీ ఇంత అని రాయించాలి. "వీలునుబట్టి ఇవ్వగలడు" వంటి మాటలు కొట్టేయించాలి.

మూడు, అతనికి ఇల్లో పొలమో ఉంటే ఆ భరణానికి దానిమీద చార్జి పెట్టమని అడగాలి. హిందూ వివాహ చట్టం 25వ సెక్షనే దానికి వీలిస్తోంది. దాన్ని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదు చేయిస్తే రేపు ఆ ఆస్తి కొనేవాడు నాకు తెలియదనడానికి ఉండదు.

నాలుగు, పిల్లల మనోవర్తిని తల్లి సొమ్ములో కలపకూడదు. విడిగా రాయాలి, చదువుతోపాటు పెరిగేలా రాయాలి.

ఐదు, "ఇకమీదట ఎప్పుడూ మనోవర్తి అడగను" అన్న వాక్యం మీద సంతకం పెట్టించుకుంటారు. అది చూసి భయపడనక్కర్లేదు. ఎనిమిది వేల రూపాయలు ఏకమొత్తంగా తీసుకుని రాజీపడిన ఒక భార్య తర్వాత వేరే చట్టం కింద మనోవర్తి దావా వేస్తే, పాత రాజీ దానికి అడ్డురాదని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఆరు, అతను విదేశంలో ఉంటే అప్పు పెట్టే ఒప్పందం అసలు వద్దు. మన కోర్టు డిక్రీని నేరుగా అమలుచేసే పరస్పర ఏర్పాటు బ్రిటన్ వంటి కొన్ని దేశాలతో ఉంది, మన పిల్లలు ఎక్కువగా వెళ్లే అమెరికాతో లేదు. తిరుపతిలో పెళ్లి చేసుకుని అమెరికాలోని మిస్సోరీలో విడాకులు తెచ్చుకున్న ఒక భర్త కేసులో, ఆ విడాకులు ఇక్కడ చెల్లవని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. చెల్లకపోవడం వేరు, డబ్బు రావడం వేరు. విమానం ఎక్కకముందే సొమ్ము కోర్టులో ఉండాలి.

ఏడు, న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలి. విడాకుల కేసుకే కాదు, ఇ.పి.కి కూడా. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఈ మాట గట్టిగా అడగండి.

ప్రభుత్వం చేయవలసింది

ఇంతా చేసి, ఒక స్త్రీ ఒక మగవాడి వెంటపడి వసూలు చేసుకోవలసిన సొంత బాకీగా దీన్ని ఉంచినంత కాలం ఆమె ఓడిపోతూనే ఉంటుంది. జర్మనీలో 1980 నుంచి ఒక పద్ధతి ఉంది. తండ్రి పిల్లల మనోవర్తి ఇవ్వకపోతే ప్రభుత్వం ముందుగా ఇస్తుంది, తర్వాత తండ్రి దగ్గర వసూలు చేసుకుంటుంది. మన దగ్గర తెలంగాణలో 2017లో నెలకు 1,000 రూపాయలతో ఒంటరి మహిళల పింఛను మొదలైంది. అది మంచి పనే. కానీ ఆ పింఛను ఇచ్చాక ప్రభుత్వం భర్త వైపు తిరిగి చూడదు. అతని బాధ్యత ప్రజల పన్నుల మీదికి వచ్చి, అతను హాయిగా ఉంటాడు. ముందు ప్రభుత్వం ఇవ్వాలి, తర్వాత భూమి శిస్తు బకాయిలాగా అతని దగ్గర ప్రభుత్వమే వసూలు చేయాలి. మనోవర్తి మీద ఉన్న 500 రూపాయల పరిమితి 2001లో పోయిందంటే స్త్రీల సంఘాలు ఏళ్ల తరబడి అడగడం కూడా ఒక కారణం. అలాగే ఇదీ అడగాలి.

దానితోపాటు పెళ్లయ్యాక సంపాదించిన ఆస్తిలో వాటా కావాలని, 'శీలం' అనే షరతు తీసేయాలని, సివిల్ జైలు బత్తా నుంచి మనోవర్తి డిక్రీ ఉన్న స్త్రీలను మినహాయించాలని అడగాలి. ఈ మూడింటికీ చట్ట సవరణలు కావాలి. అవి వచ్చేదాకా మన చేతిలో ఉన్న పని ఒకటుంది. గత మూడేళ్లలో మన సంస్థల ద్వారా విడాకులు తీసుకున్న స్త్రీల ఫైళ్లు బీరువాలోంచి బయటికి తీయండి. ఒక్కొక్కరినీ కలిసి, ఒప్పుకున్నది అందిందా అని అడగండి. అందని ప్రతి ఒక్కరికీ బాకీ ఎంత, ఏ నెల నుంచి, ఏ ఉత్తర్వు కింద అన్న పట్టిక తయారుచేయండి. పదకొండో నెల దాటబోతున్నవాళ్ల పిటిషన్లు ముందు వేయించండి. వచ్చే సమావేశానికి ఆ పట్టికలతో కలుద్దాం.